చెవికందని చెయ్యి: ఒకటో తరగతికి ఐదేళ్లా, ఆరేళ్లా?

పుట్టినతేదీ కాగితాలు లేని రోజుల్లో బడీడు తేల్చడానికి పల్లెల్లో ఒకటే కొలత ఉండేది. పిల్లవాడి కుడిచేతిని నడినెత్తి మీదుగా వేయించి ఎడమ చెవి ముట్టుకోమనేవాళ్లు. అందితే పలకా బలపం చేతికొచ్చేవి. అందకపోతే మళ్లీ యేడు చూద్దాం అని పంపేసేవాళ్లు. మోటు కొలతే గానీ అందులో పస లేకపోలేదు. చంటితనంలో తల పెద్దది, చేతులు పొట్టివి. ఆరేళ్లు దగ్గరపడితే గానీ ఆ చెయ్యి చెవిదాకా సాగదు. చెవి అందినవాడికి అయ్యవారు తనకు తోచిన తేదీ వేసేవాడు. మా నంద్యాల వైపు యాభై దాటినవాళ్ల సర్టిఫికెట్లు తీసి చూస్తే, జూన్ 1నా జూలై 1నా ఇంతమంది ఎట్లా పుట్టారా అని నవ్వొస్తుంది. యేడు తక్కువైతే కలపడం, ఎక్కువైతే కొట్టేయడం కలం చేసే పని. కొట్టేసిన ఏడాది ఆనక సర్కారు కొలువులో రిటైర్మెంటు దగ్గర కలిసొచ్చేది కూడా.

ఇప్పుడు ఆ కలం లేదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశంలో జనన ధ్రువపత్రమే ఆధారం. ఆధార్, బడుల ఆన్‌లైన్ రికార్డు అన్నీ ఒకే తేదీ దగ్గర కట్టేస్తాయి. గోస్పాడు మండలంలో యాళ్లూరు అయినా, జిల్లెల్ల అయినా, దీబగుంట్ల అయినా మే నెల ఎండల్లో ఇంటింటా నలిగే మాట ఒకటే: ‘ఈ యేడు బడిలో వేద్దామా, ఇంకో యేడు ఆగుదామా?’ తేదీని జరపలేం. ఇక జరపగలిగింది పిల్లవాడినే.

ఈ ప్రశ్నను తిప్పి తిప్పి చూసే ముందు ‘ఆగడం’ అన్న మాట సంగతి తేల్చుకోవాలి. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని నడపడానికి 2009లో విద్యా హక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పధ్నాలుగు అంటే ఎనిమిదేళ్లు, ఎనిమిది తరగతులు. ఒకటో తరగతి వయసు ఆరు అన్నది ఆ లెక్కలోనే ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం దాన్నే విప్పి చెప్పింది: మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటల చదువు, ఆరు నిండాక ఒకటో తరగతి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆనవాయితీ ఐదు. 2022 మార్చిలో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో ఐదు దాటితే ఒకటో తరగతిలో చేర్చుకునే రాష్ట్రాల జాబితాలో కర్ణాటక, కేరళ, ఢిల్లీలతో పాటు మన పేరూ ఉంది. కాబట్టి గోస్పాడులో ఆరేళ్లకు బిడ్డను చేర్చిన తల్లి ఆలస్యం చేసినట్టు కాదు. దేశపు చట్టం అనుకున్న వేళకే చేర్చింది. ఐదేళ్లకు వేసినవాళ్లదే ఒక యేడు తొందర. ఊళ్లో మాత్రం లెక్క తలకిందులు. ఆరేళ్లవాడు ఒకటిలో ఉంటే ‘ఇంకా ఒకటేనా?’ అని అడుగుతారు.

పాతకాలం కూడా ఇంత తొందరపడలేదు. సంప్రదాయం అక్షరాభ్యాసానికి చెప్పింది ఐదో యేడు. ఇప్పుడు మూడో యేట శ్రీపంచమికే కొలనుభారతికో బాసరకో తీసుకుపోయి దిద్దబెట్టించి, ఆ జూన్‌కల్లా నర్సరీలో వేస్తున్నారు. దిద్దబెట్టడం ఒక పండగ, బడిలో వేయడం ఒక నిర్ణయం. రెండూ ఎప్పుడు కలిసిపోయాయో ఎవరూ గమనించలేదు.

కోర్టుల దాకా పోయిన రగడ కూడా ఇదే. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నాయి. తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టుకు, అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో అక్కడా ఓడిపోయారు. రెండేళ్లకే బడిలో వేయాలన్న ఈ ఆత్రం పసి మనసులకు మంచిది కాదని న్యాయమూర్తులే అనాల్సి వచ్చింది. మరుసటి ఏడాది గుజరాత్ హైకోర్టు ఇంకా కటువుగా, మూడేళ్లు నిండని బిడ్డను బలవంతంగా ప్రీస్కూలుకు పంపడం తల్లిదండ్రులు చేస్తున్న చట్టవిరుద్ధమైన పని అంది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ అన్ని రాష్ట్రాలకూ ఆరేళ్ల నియమం పాటించమని లేఖ రాసింది. పక్కనున్న కర్ణాటక అంతకుముందే ఆ దారి పట్టి, అమలును 2025-26కు వాయిదా వేసింది. తీరా ఆ ఏడాది వచ్చాక యూకేజీ అయిపోయిన పిల్లలను మళ్లీ యూకేజీలో కూర్చోబెట్టాలా అని తల్లిదండ్రులు గోల చేస్తే, ఆ ఒక్క ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకు దిగింది. ఒక్క నియమం మార్చడానికి ఇంత తంటా ఎందుకంటే, ఏ తేదీ గీత గీసినా దానికి ఇవతల ఒక రోజు తేడాతో మిగిలిపోయే బిడ్డ ఉంటాడు.

ఆ గీత పెట్టే తిప్పల మీద విదేశాల్లో బోలెడు పరిశోధన జరిగింది. ఒకే తరగతిలో గీతకు ఇటు పుట్టినవాడికీ అటు పుట్టినవాడికీ పన్నెండు నెలల తేడా ఉండొచ్చు. నలభై ఏళ్లవాళ్లకు ఏడాది తేడా లెక్కలోకి రాదు. ఐదేళ్లవాడికి అది బతికిన బతుకులో అయిదో వంతు. కెల్లీ బెడార్డ్, ఎలిజబెత్ డూయీ 2006లో చాలా దేశాల పరీక్షల ఫలితాలు కలిపి చూశారు. నాలుగో తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు, అందరికన్నా పెద్దవాళ్ల కంటే 4 నుంచి 12 పర్సంటైళ్లు వెనక ఉన్నారు. ఎనిమిదో తరగతికి ఆ తేడా 2 నుంచి 9కి తగ్గింది గానీ పోలేదు. ఇంకా గుచ్చుకునే సంగతి అమెరికాలో బయటపడింది. సెప్టెంబరు 1 గీతగా ఉన్న రాష్ట్రాల్లో, గీతకు ముందు ఆగస్టులో పుట్టి తరగతిలో చిన్నవాళ్లయిన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టినవాళ్ల కంటే ఏడీహెచ్‌డీ ఉందని తేల్చడం 34 శాతం ఎక్కువని 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. నిలకడ లేదు, మాట వినడు అని టీచరు చెప్పిన పిల్లల్లో కొందరికి నిజానికి ఉన్న జబ్బు వయసు తక్కువ కావడమే. మన ఊరి బడిలో ఏడీహెచ్‌డీ పేరు వినపడదు. ‘మొద్దు’, ‘అల్లరోడు’ అన్న పేర్లు వినపడతాయి. ముద్ర మారింది, అది పడే తీరు మారలేదు.

డెన్మార్క్ పిల్లల మీద థామస్ డీ, హాన్స్ సీవర్ట్‌సన్ చేసిన పని బడికి ఆలస్యంగా పంపాలనేవాళ్లందరికీ ఇష్టమైన ఆధారం. ఏడాది ఆగి చేరిన పిల్లల్లో పదకొండేళ్ల వయసులో కూడా నిలకడలేనితనం, అతి చురుకుతనం సగటున 73 శాతం తగ్గాయని వాళ్లు చూపించారు. దీన్ని వల్లించేవాళ్లు ఒక సంగతి మింగేస్తారు. ఆ ఏడాది డెన్మార్క్ పిల్లలు ఇంటి అరుగు మీద ఊరికే కూర్చోలేదు. శిక్షణ పొందినవాళ్లు నడిపే మంచి కిండర్‌గార్టెన్‌లో ఆడుకున్నారు. ఫిన్‌లాండ్ పేరు చెప్పేవాళ్లదీ ఇదే తంతు. అక్కడ బడి ఏడేళ్లకు మొదలవుతుందన్నది నిజం. ఆరో యేట బడి ముందు చదువు 2015 నుంచి తప్పనిసరి అన్నది కూడా నిజమే, ఆ రెండోదాన్ని మాత్రం ఎవరూ చెప్పరు.

నార్వే లెక్క మరో రకం. సాండ్రా బ్లాక్, పాల్ డెవరూ, షెల్ సాల్వానెస్ పద్దెనిమిదేళ్ల యువకుల సైనిక పరీక్షల ఫలితాలు తీసి, పరీక్ష రాసిన నాటి వయసునూ బడిలో చేరిన వయసునూ విడదీశారు. వయసుతో వచ్చే లాభం తీసేస్తే ఆలస్యంగా చేరినందుకు మిగిలింది దాదాపు సున్నా. సంపాదన మొదలవడం మాత్రం ఒక యేడు వెనక్కి పోయింది. నాకు అర్థమైనంతలో ఈ పరిశోధనలన్నీ కొట్టుకోవడం లేదు. పెద్దవాడు చిన్న తరగతిలో కొన్నేళ్లు మెరుస్తాడు. ఆ మెరుపులో ఎక్కువ భాగం వయసుది, బడిది కాదు. పైగా తరగతిలో అందరూ ఏడాది ఆగితే ఆ మెరుపూ ఉండదు, ఎవడో ఒకడు మళ్లీ అందరికన్నా చిన్నవాడు అవుతాడు.

అమెరికాలో ఇట్లా కావాలని ఆపేవాళ్లు నూటికి నలుగురైదుగురే. వాళ్లలో ఎక్కువమంది కలిగినవాళ్లు. ఇది వాళ్ల గొడవ, గోస్పాడుకేం సంబంధం అనిపించవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను, ప్రథమ్ సంస్థ 2019లో 26 జిల్లాల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు 36 వేల మందికి పైగా ఉన్న చోట చేసిన అసర్ సర్వే చూసేదాకా. ఐదేళ్ల పిల్లల్లో 21.6 శాతం అప్పటికే ఒకటో తరగతిలో ఉన్నారు. అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. సర్కారు బడి ఒకటో తరగతిలో నాలుగైదేళ్ల పిల్లలు 26.1 శాతం, ప్రైవేటు బడిలో 15.7 శాతం. ఏడెనిమిదేళ్లవాళ్లు సర్కారు బడిలో 30.4 శాతం, ప్రైవేటులో 45.4 శాతం. అంటే కలిగినవాళ్లు ఏడాది ఆగడం మన దేశంలోనూ ఉంది, పేరు మాత్రం వేరు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని ఫీజు కట్టి మూడేళ్లు గడిపి, పిల్లవాడు ఆరు దాటాక ఒకటికి వస్తాడు. లేనివాళ్ల బిడ్డ ఐదుకో, అంతకు ముందో నేరుగా ఒకటిలో పడతాడు. ఇద్దరూ అదే ఒకటో తరగతి. మూడో తరగతికి వచ్చాక ఇద్దరి చేతా పుస్తకం చదివించి, ప్రైవేటు బడి గొప్ప, సర్కారు బడి తక్కువ అని తీర్పు చెబుతాం. ఆ తేడాలో ఎంత బడిది, ఎంత ఇంటిది, ఎంత ఉత్తి వయసుది అని అడిగేవాళ్లు లేరు.

నంద్యాల బడుల బస్సులు పొద్దున్నే ఊళ్లోకొచ్చి హారన్ కొట్టినప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది. టై కట్టుకుని బస్సెక్కే యూకేజీ పిల్లవాడు, వీధి చివర ఎంపీపీ స్కూలుకు నడిచిపోయే ఒకటో తరగతి పిల్లవాడి కంటే చాలాసార్లు నాలుగు నెలలు పెద్దవాడే.

మన తెలుగు నేల మీదే ఈ దారులను ఓపికగా వెంబడించిన పరిశోధనలు రెండున్నాయి. మొదటిది ‘యంగ్ లైవ్స్’. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చింది. మన రాయలసీమలో అనంతపురం, కడప జిల్లాలు అందులో ఉన్నాయి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వాళ్లూ చేయి వేశారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లు 2002లో సుమారు నాలుగో వంతు ఉంటే, ఏడేళ్లు తిరిగేసరికి 44 శాతమయ్యారు. ఒకే ఇంట్లో కొడుకును ప్రైవేటు ఎల్‌కేజీకీ, కూతురిని అంగన్‌వాడీకీ పంపడం అందులో నమోదైంది. రెండోది 2011లో మొదలై అస్సాం, రాజస్థాన్‌లతో పాటు ఉమ్మడి రాష్ట్రంలో, విభజన తర్వాత తెలంగాణలో సాగింది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి నాలుగేళ్ల వయసు నుంచి పిల్లల వెంట నడిచాయి. తేలింది ఏమిటంటే, కాగితం మీద మూడు నుంచి ఆరు ప్రీస్కూలు, ఆరుకు బడి అని తిన్నగా ఉన్న దారి ఊళ్లో ఎక్కడా లేదు. పిల్లలు అంగన్‌వాడీ నుంచి బడికి, బడి నుంచి మళ్లీ అంగన్‌వాడీకి, అక్కడి నుంచి కాన్వెంటుకు తిరుగుతారు. ఐదేళ్లకు బడికి సిద్ధమైనవాళ్లు తక్కువ. ఎక్కడ చేరారన్న దానికంటే అక్కడ ఏం జరిగిందన్నదే పిల్లవాడిని ముందుకో వెనక్కో నెట్టింది.

నాకు పట్టుకున్న మాట ఇదే. ఐదా ఆరా అని తేల్చుకునే ముందు ఆ మధ్యనున్న ఏడాది బిడ్డ ఎక్కడ గడుపుతాడో చూడాలి. ఇంట్లో అరుగు మీద, సెల్‌ఫోను ముందు గడిచే యేడైతే ఆగడం వల్ల ఒరిగేది లేదు. కోవిడ్ దాన్ని పెద్ద ఎత్తున చూపించింది. 2020లో ఒకటో తరగతి మొహం చూడకుండా ఇంట్లో ఉండిపోయిన పిల్లలు 2022లో మూడుకు వచ్చేసరికి, రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశవ్యాప్తంగా కోవిడ్‌కు ముందున్న 27.3 శాతం నుంచి 20.5 శాతానికి పడిపోయారు. పిల్లలు ఆగిన కాలం అది, పండిన కాలం కాదు.

మరి అంగన్‌వాడీ? మన రాష్ట్రంలో 55 వేలకు పైగా సెంటర్లున్నాయి. ఊరూరా ఉన్నవి, గుడ్డు, పాలు, వేడి అన్నం పెట్టేవి అవే. వాటిని ప్రీప్రైమరీ ఒకటి, రెండు అని పేర్లు మార్చి బడులకు కలపాలన్న ప్రయత్నం గత ప్రభుత్వ కాలంలో జరిగింది. 2022 జూన్ నాటి జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించి చిన్న బడులను ఒకటి రెండు తరగతులకు కుదించింది. 2025లో ఈ ప్రభుత్వం దాన్ని రద్దు చేసి మళ్లీ బడుల రకాలు మార్చింది. పేర్లు మారినంత తొందరగా సెంటరు లోపలి పని మారలేదు. టీచరు ఒక్కతే. బరువులు తూచాలి, గర్భిణులకు సరుకులివ్వాలి, సర్వేలకు తిరగాలి, ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో పిల్లలకు కథ చెప్పాలి. 2023 డిసెంబరులో మొదలుపెట్టి వాళ్లు నలభై రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు టీచరుకు నెలకు వచ్చేది 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ఊళ్లో ‘అంగన్‌వాడీలో ఏముంది, గుడ్డు తిని వస్తారు’ అంటారు. ఆ మాటలో నిజం ఉంది, అన్యాయమూ ఉంది.

చేయి సాయం ఉంటే అదే సెంటరు ఎట్లా మారుతుందో తమిళనాడులో చూశారు. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ 320 అంగన్‌వాడీలు తీసుకుని, సగం చోట్ల రోజులో సగం పూట పనిచేసే మనిషిని అదనంగా పెట్టించారు. పిల్లలకు చెప్పే సమయం రెట్టింపయింది. లెక్కలూ మాటలూ మెరుగయ్యాయి. ఎదుగుదల లోపమూ తగ్గింది. ఖర్చు పెద్దదేమీ కాదు. ఐదా ఆరా అని జీవోలు ఇచ్చే చోట ఈ ఒక్క మనిషిని ఇచ్చి ఉంటే ఇంత వ్యాసం రాసే పని తప్పేది.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని విద్యావేత్తలు పక్కన పెడతారు, తల్లులు మాత్రం ముందే చూస్తారు. పిల్లలను బడికి పంపే తల్లులకు సర్కారు ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ఒకటో తరగతి నుంచే వస్తుంది. 2025 జూన్‌లో 15,000లో రెండు వేలు బడుల నిర్వహణకు మినహాయించి 13,000 తల్లుల ఖాతాలో పడ్డాయి. అంగన్‌వాడీలో, యూకేజీలో ఉన్న బిడ్డకు రావు. ఐదేళ్ల బిడ్డను ఇంకో యేడు ఆపితే ఆ యేడు 13,000 రానట్టే. ఆర్థికవేత్త అంటాడు: పోయేదేమీ లేదు, ఎప్పుడు చేర్చినా ఇంటర్ దాకా పన్నెండేళ్లే కదా వచ్చేది, ఒక యేడు జరుగుతుంది అంతే అని. గోస్పాడు తల్లికి ఆ లెక్క నప్పదు, ఆమె తప్పేమీ లేదు. 2020 జనవరిలో అమ్మఒడిగా మొదలైన డబ్బు పేరు మారింది, కోత మారింది, మధ్యలో ఒక విద్యా సంవత్సరం ఎవరికీ పడలేదు. పన్నెండేళ్ల తర్వాత ఉంటుందో లేదో తెలియనిదాన్ని నమ్మి చేతికొచ్చేదాన్ని వదులుకోమని ఎవరు చెప్పగలరు? బిడ్డ ఐదేళ్ల ఒక నెలకే ఒకటో తరగతిలో ఎందుకు కూర్చున్నాడని అడిగే ముందు, ఆ పథకం ప్రీప్రైమరీ నుంచి ఎందుకు మొదలు కాదని అడగాలి.

ప్రైవేటు బడిలో ఇరవై ఐదు శాతం ఉచిత సీట్ల సంగతీ అంతే. విద్యా హక్కు చట్టం 12(1)(సి) కింద మన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలవుతున్న ఈ సీట్లు ఒకటో తరగతి ప్రవేశానికే. ఏటా ఐదేళ్లు నిండిన పిల్లల పుట్టినతేదీలకు ఒక ఏడాది వెడల్పు కిటికీ తెరుస్తారు. ఈసారి వద్దు, పిల్లవాడు ఇంకా పసివాడు, వచ్చే యేడు అనుకున్న పేద ఇంటికి ఆ కిటికీ మూసుకుపోతుంది. ఫీజు కట్టగలిగినవాడు ఆగొచ్చు, కట్టలేనివాడు ఆగలేడు. చట్టం పేదవాడి కోసమే పెట్టిన తలుపు దగ్గర కూడా ఆగే వెసులుబాటు ఉన్నవాడికే దక్కింది.

కూలి సంగతి చెప్పకపోతే ఈ ఊరి లెక్క పూర్తి కాదు. కేసీ కెనాల్‌కు నీళ్లొచ్చి నాట్లు మొదలైతే ఇంట్లో ఆడమనిషి ఉండదు. జేజి ఉన్న ఇల్లయితే సరే. లేకపోతే నాలుగున్నరేళ్ల బిడ్డను చూసేది ఎనిమిదేళ్ల అక్క, ఆ పూటకు ఆమె బడి గల్లంతు. అందుకే చిన్నవాడిని అక్క చెయ్యి పట్టించి బడికి పంపేస్తారు. హెచ్చెమ్ సారు పేరు రాసుకున్నా రాసుకోకపోయినా వాడు ఒకటో తరగతిలో కూర్చుంటాడు. మధ్యాహ్నం అన్నం అక్కతో పంచుకుంటాడు. జూన్ వచ్చేసరికి ‘ఎట్లాగూ వస్తున్నాడు గదా’ అని పేరు ఎక్కుతుంది. ఇక్కడ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. వరినాటు తీసుకుంది.

అట్లా కూర్చున్న ఐదేళ్లవాడి ముందు పెట్టే పని ఏమిటో కూడా చూడాలి. తెలుగు రాత నేర్చుకోవడం ఇరవై ఆరు అక్షరాలతో ముగిసేది కాదు. అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిస్తే వందల గుర్తులు. ఒక్క ‘క’కు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము మారితే మొహం మారిపోతుంది. మన లిపికి తోబుట్టువైన కన్నడలో పిల్లలు ఎట్లా చదవడం నేర్చుకుంటారో సొనాలీ నాగ్ పరిశోధించారు. అక్షరాల మీద పూర్తి పట్టు ఒకటి రెండు తరగతుల్లో రాదు, నాలుగో తరగతి దాకా సాగుతుందని ఆమె చూపారు. ఇంగ్లిషు పిల్లల కోసం గీసిన కాలపట్టికను మన పిల్లలకు తగిలించడం అందుకే అసంబద్ధం. పైగా మన బడుల్లో ఇప్పుడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లిషు మీడియం. రెండు లిపులు ఒకేసారి. ఐదేళ్ల చేతి వేళ్లకు ‘ణ’ మెలికలు తిరగవు. ఆరేళ్లకు తిరుగుతాయి, బలవంతం లేకుండానే. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సగ్గేట్ చేసిన పోలికలో ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టినవాళ్లనూ ఏడేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ పదకొండేళ్ల వయసులో పక్కపక్కన నిలబెడితే చదివే వేగంలో తేడా దొరకలేదు. ఆట ముందు, అక్షరం తర్వాత అన్నది బయటి దేశం సరుకేమీ కాదు. గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం తెరిచింది 1920లో.

ఇప్పటిదాకా నా మొగ్గు ఆరేళ్ల వైపే కనిపిస్తోంది కదా. ఒక్కచోట అది తడబడుతుంది: ఆడపిల్ల దగ్గర.

అమెరికాలో జాషువా యాంగ్రిస్ట్, అలన్ క్రూగర్ 1991లో ఒక విచిత్రం కనిపెట్టారు. ఏడాది మొదట్లో పుట్టి బడిలో పెద్ద వయసుకు చేరిన పిల్లలు సగటున తక్కువ చదువుకున్నారు. ఎందుకంటే పదహారేళ్లు నిండాయా, చట్టం ఇక బడిలో ఉండాల్సిందే అనదు. ఆ రోజుకు చిన్న వయసులో చేరినవాళ్లు ఒక తరగతి పైన ఉంటారు, పెద్ద వయసులో చేరినవాళ్లు ఒక తరగతి కింద ఉండి మానేస్తారు. మన దగ్గర ఆ గీత చట్టం గీసింది కాదు, పెళ్లి గీసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఊళ్లో ఆడపిల్ల చదువును తరగతితో కొలవరు, వయసుతో కొలుస్తారు. పద్దెనిమిది దాటిందా, సంబంధాలు వస్తాయి. ఐదుకు చేరిన పిల్ల ఆ వేళకు డిగ్రీ మొదటి సంవత్సరం ఫీజు కట్టి ఉంటుంది. ఆరుకు చేరిన పిల్ల అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత ఎంత సన్ననిదో సీమ ఇళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. ఆరేళ్ల నియమం మంచిదే, అయితే అది ఒంటరిగా వస్తే ఆడపిల్లల చదువులో ఒక తరగతి కోసేయగలదన్న భయం నన్ను వదలదు. కొడుకును తొందరగా, కూతురిని తీరిగ్గా బడిలో వేసే ఇళ్లలో మరీను.

పోటీ పరీక్షల వయసు గురించి తండ్రులు ఎక్కువ దిగులు పడతారు గానీ ఇక్కడ భయపడేదేమీ లేదు. ఆరు నిండి ఒకటిలో చేరిన పిల్లవాడు పది పూర్తయ్యేసరికి పదహారు దాటుతాడు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ప్రవేశానికి ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పద్దెనిమిది నిండకూడదు, ఆ లోపలే ఉంటాడు. నవోదయ ఆరో తరగతి కిటికీ రెండేళ్లకు పైగా వెడల్పున్నది, అందులోనూ ఇముడుతాడు. ఇరుకున పడేది తొందరపడి వేసినవాడే. నీట్ రాయాలంటే చేరే ఏడాది డిసెంబరు 31కి పదిహేడు నిండాలి. నాలుగుంబావుకు ఒకటిలో వేసిన మార్చి పిల్లవాడు ఇంటర్ అయ్యాక ఒక యేడు ఆ వయసు కోసం కాచుకుని కూర్చోవాలి. మొదట్లో మిగుల్చుకున్న యేడు చివర్లో వడ్డీతో పోతుంది.

ఒక రకం ఆగడం మాత్రం అసలు చేయకూడనిది. నాలుగున్నర దాటినా మాట సరిగా రాకపోతే, పిలిస్తే తిరగకపోతే, నడకలో తూలితే ‘ఇంకో యేడు పోనీ, వాడే సర్దుకుంటాడు’ అని ఆపేస్తారు. జేజి కూడా ‘వాళ్ల నాయనా అంతే, లేటుగా మాట్లాడినాడు’ అంటుంది. వినికిడి లోపమైతే ఆ యేడు తిరిగి రాదు. 2013 నుంచి బాలల ఆరోగ్య పరీక్షల బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అట్లాంటి బిడ్డను ఇంట్లో దాచడం జాగ్రత్త అనిపించుకోదు.

ఇక మామూలు బిడ్డ సంగతి. 2021 ఆగస్టులో యాళ్లూరులో పుట్టిన పిల్లవాడిని ఊహించుకోండి. 2026 జూన్‌లో వాడికి నాలుగేళ్ల పది నెలలు. మెల్లిగా మాట్లాడతాడు, లాగు కట్టుకోవడం ఇంకా రాదు, కొత్తవాళ్లను చూస్తే అమ్మ కొంగు వెనక్కి పోతాడు. ఈ జూన్‌లో వాడిని ఒకటో తరగతిలో వేస్తే ఎదురొచ్చేవి తనకన్నా ఏడాది పెద్దవాళ్ల మధ్య కూర్చోవడం, రెండు లిపులు, ‘మొద్దు’ అన్న ముద్ర. ఆపితే ఈ యేడు ఖాతాలో పడని డబ్బు, నాట్ల కాలంలో ఎవరు చూస్తారన్న బెంగ. నేనైతే ఆపమంటాను, అంగన్‌వాడీ సెంటరు బాగుంటేనే. అది బాగుందో లేదో జీవోలో రాసి ఉండదు, పక్కింటి వాళ్ల మాటలో కూడా దొరకదు. పొద్దున తొమ్మిదికి తలుపు తెరుచుకుంటుందా, టీచరు పిల్లలతో మాట్లాడుతోందా రిజిస్టరు రాసుకుంటోందా, పిల్లవాడు తినేసి ఇంటికొస్తున్నాడా ఆడి వస్తున్నాడా అన్నది ఒక పూట అక్కడే కూర్చుంటే తెలిసిపోతుంది. కాలువకు నీళ్లు రాకముందే పోయి కూర్చోవాలి. వచ్చాక ఎవరికీ తీరదు.